నెగడు చుట్టూ విందు: వంట లెక్కలు, వడ్డన మర్యాదలు

డిసెంబరు సగం గడిచేసరికి మమ్మల్ని చేరే ప్రశ్నలలో ఒకటి ఏటేటా పెరుగుతూ వస్తున్నది. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు ఇంటికి వస్తారు. గల్ఫ్ నుండి మామూ కుటుంబం వస్తుంది. అందరూ కలసి ఊరి వెలుపలి మామిడితోటలో ఒక రాత్రి నెగడు వేసుకుని, అక్కడే వండుకుని, తిని, కబుర్లు చెప్పుకోవాలనుకుంటారు. పిల్లలు దానిని బాన్‌ఫైర్ అంటారు. నానీమా అలావ్ అంటుంది. తోట కాపలాదారు చలిమంట అంటాడు. ఇది ధర్మసమ్మతమేనా అని పెద్దలు అడుగుతారు. ఎంత బియ్యం పోయాలి అని ఇల్లాళ్లు అడుగుతారు. మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది, రెండవదానికి పెద్దది. ఈ నెల మన పుటలను ఎక్కువగా రెండవదానికే కేటాయిస్తున్నాము.

మొదటిదానిని ముందుగా ముగిద్దాము. చలి కాచుకోవడానికి మంట వేసుకోవడం మానవునికి ఆదినుండీ ఉన్న అవసరం. మంట చుట్టూ కూర్చుని భోజనం చేయడంలో తప్పు పట్టవలసినది ఏదీ లేదు. మంట చుట్టూ ప్రదక్షిణలు, మొక్కుబడులు మనవి కావు. వాటిని పాటించేవారిని ఎగతాళి చేయడమూ మనకు తగదు. ఇక రోజు విషయం. డిసెంబరు 31 రాత్రి మాత్రం వద్దని మా సలహా. ఆ రాత్రి పక్క తోటలో ఏమి తాగుతున్నారో, ఏమి మోగిస్తున్నారో మీ చేతిలో ఉండదు. తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద ఎవరు ఏ స్థితిలో వాహనం నడుపుతున్నారో కూడా మీ చేతిలో ఉండదు. రెండు రోజులు ముందుకో వెనక్కో జరిపితే చలి ఏమీ తగ్గిపోదు.

మా మాటకు ఆధారం ఏమిటని అడిగేవారి కోసం ఒక్కమాట. మదరసా మత్బఖ్ బాధ్యత అనేక సంవత్సరాలు మా భుజాల మీద ఉన్నది. షాబాన్ మాసపు వార్షిక జల్సా ఈ మధ్య చలికాలంలోకి జరుగుతూ వచ్చింది గనుక, ఆరుబయట చలిలో వందలమందికి కట్టెల పొయ్యి మీద వండించి వడ్డించడం మాకు గ్రంథాలలో చదివిన విషయం కాదు. దేగ్ ముందు నిలబడి నేర్చుకున్నది.

తలల లెక్క

వంట లెక్క బియ్యంతో మొదలు కాదు, పేర్లతో మొదలవుతుంది. "ఫూఫీ వాళ్లు, ఖాలా వాళ్లు, ఇద్దరు స్నేహితులు" అని కుటుంబాల లెక్క వేసేవారికి చివరి నిమిషంలో తప్పకుండా కొరత వస్తుంది. ఒక కాగితం మీద ప్రతి మనిషి పేరూ రాయండి. వంటవాడు, అతని సహాయకులు, డ్రైవర్లు, కాపలాదారు కుటుంబం కూడా ఆ కాగితంలోనే ఉండాలి. వారి పేర్లు లేని జాబితా అసలు జాబితాయే కాదు. దీని గురించి మళ్లీ వస్తాము.

ఉదాహరణకు 120 మంది అనుకుందాము. 80 మంది పెద్దలు, 40 మంది పదేళ్లలోపు పిల్లలు. పిల్లలు ఇద్దరిని ఒక పెద్ద తినేవాడిగా లెక్కిస్తే మొత్తం 100 పూర్తి భోజనాలు. ఇందులో ఒక మెలిక ఉన్నది. పదిహేను పదహారేళ్ల కుర్రవాళ్లను పెద్దలలో కలిపితే సరిపోదు. మా మత్బఖ్ అనుభవంలో ఆ వయసు విద్యార్థి తినేది యాభై ఏళ్ల ఉస్తాదు తినేదానికి రెట్టింపు. మీ కుటుంబంలో అలాంటివారు పదిమంది ఉంటే వారిని పదిహేనుగా లెక్కించుకుని, డెబ్బై దాటిన పెద్దలను సగంగా లెక్కించుకుంటే మొత్తం దాదాపు అక్కడికే వస్తుంది.

బిర్యానీ ఒక్కటే పెట్టి పంపేటట్లయితే మనిషికి 150 గ్రాముల బియ్యం కావాలి. నెగడు దగ్గర అలా జరగదు. మనుషులు సాయంత్రం నుండే ఏదో ఒకటి నములుతూ ఉంటారు. ముందు మరగ్, కబాబులు ఉన్నప్పుడు మనిషికి 120 గ్రాములు చాలు. అంటే 15 కిలోలు పోయవలసిన చోట 12 కిలోలు పోయాలి. మాంసం ఎముకతో సహా బియ్యానికి సమానంగా 12 కిలోలు. ఈ 3 కిలోల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. అయితే విందు ముగిశాక చెత్తకుప్ప మీద కనిపించేది సరిగ్గా ఈ తేడాయే. పరువు కోసం ఎక్కువ పోయించిన ఆ 3 కిలోల బియ్యం, 3 కిలోల మాంసం ఉడికి, మసాలా పట్టి, ఇరవై మందికి పైగా కడుపు నింపగల అన్నమై మట్టిలో కలుస్తుంది. తక్కువైతే నలుగురూ నవ్వుతారన్న భయం ఈ దుబారాకు మూలం. ఇద్దరి ఆహారం ముగ్గురికీ, ముగ్గురి ఆహారం నలుగురికీ సరిపోతుందని కారుణ్య ప్రవక్త (స) బోధించిన సమాజం మనది. అటువంటి మనమే ముగ్గురి ఆహారం ఇద్దరి ముందు పెట్టి, మిగిలినదానిని పారబోస్తున్నాము.

మరగ్ మనిషికి చిన్న గ్లాసు చొప్పున 12 లీటర్లు చాలు. అందుకు మాంసం అంటిన ఎముకలు 5 కిలోలు వేసి, మధ్యాహ్నం నుండే సన్నని మంట మీద ఉంచాలి. వచ్చేవారు పెరిగితే ఏమి చేయాలో హజ్రత్ అబూజర్ (రజి)కు ఇచ్చిన ఉపదేశంలోనే ఉన్నది. పులుసు వండేటప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని చూసుకోమన్నారు. బిర్యానీని చివరి నిమిషంలో పెంచలేము, మరగ్‌ను పెంచగలము. అందుకే ఆరుబయటి విందులో అది తప్పనిసరిగా ఉండాలని మేము అంటాము. చలిలో వచ్చిన మనిషి చేతికి ముందు వేడి గ్లాసు అందితే సగం మర్యాద జరిగినట్లే.

ఏమి వండాలి

చరవాణిలో విదేశీ నెగడు విందులు చూసిన పిల్లలు ముందుగా అడిగేది పుల్లకు గుచ్చి కాల్చే తెల్లని మార్ష్‌మెల్లో. దానిని సాగేలా చేసేది చాలావరకు జెలటిన్. అది జంతువుల చర్మం, ఎముకల నుండి తీసే పదార్థం. ఏ జంతువుదో, ఎలా కోసినదో పొట్లం మీద సాధారణంగా రాసి ఉండదు. ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లాలలో జంతు పదార్థం ఉండదు. పిల్లలు మరీ పట్టుబడితే అటువంటిది, లేదా నమ్మదగిన హలాల్ ముద్ర ఉన్నది చూసి తీసుకోండి. మాకైతే ఆ ముచ్చట అర్థం కాలేదు. ఇదే కాలంలో మన సంతలలో చిలగడదుంపలు రాసులుగా పోస్తారు. తెలంగాణలో గెనుసుగడ్డలంటారు. కడిగి, తొక్క తీయకుండా, వేడి బూడిదలో కప్పి ముప్పావుగంట ఉంచితే వాటి తీపి ముందు ఆ దూదిముద్దలు ఎందుకూ పనికిరావు. వంద భోజనాలకు 10 కిలోలు. పచ్చి వేరుశనగ కాయలు నాలుగైదు కిలోలు కొనిపెడితే, అన్నం వడ్డించేదాకా పిల్లలు వంటవాడి చుట్టూ తిరగరు.

ఆరుబయట వంటకాన్ని రుచిని బట్టి మాత్రమే ఎంచుకోకూడదు. చీకటిని, చలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చేప వద్దు. కోస్తా సోదరులకు ఈ మాట రుచించకపోవచ్చు. అయితే నెగడు వెలుతురులో ముల్లు కనిపించదు, పిల్లవాడి గొంతులో ఇరుక్కున్నాకే తెలుస్తుంది. మటన్ కూడా కసాయి వద్ద నిలబడి పెద్ద ముక్కలుగా కొట్టించండి. తొందరలో కొట్టిన మాంసంలో సన్నని ఎముక పెచ్చులు ఉంటాయి.

చలిలో వేడిని నిలుపుకునే గుణంలో హలీమ్‌ను మించినది లేదు. గోధుమ, మాంసం కలసి గట్టిపడిన ముద్ద కనుక గిన్నెలోనూ చాలాసేపు వేడిగానే ఉంటుంది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చాలామందికి తెలుసు. దాని వెనుక ఎన్ని గంటల మంట, ఎన్ని చేతుల ఘోట్నీ దెబ్బలు ఉన్నాయో తక్కువమందికి తెలుసు. ఇంట్లో బలమైన కుర్రవాళ్లు నలుగురుండి, వారు మధ్యాహ్నం నుండి వంతులవారీగా దంచడానికి సిద్ధపడితే హలీమ్ పెట్టుకోండి. లేకుంటే బిర్యానీ. రెండూ మాత్రం వద్దు. రెండూ ఉన్న చోట రెండూ సగం సగం మిగులుతాయి.

బిర్యానీకి 12 కిలోల దేగ్ ఒకటి కాక, 6 కిలోలవి రెండు పెట్టించండి. మూత తీసిన దేగ్ చలిగాలికి త్వరగా చల్లారుతుంది. మొదటిది పూర్తయ్యాకే రెండవదాని మూత తీస్తే చివరి పంక్తికి కూడా పొగలు కక్కే అన్నం అందుతుంది. ఒకటి అడుగంటినా రెండవది ఉంటుంది. తోటలో గాలి ఒక వైపు నుండి వీస్తుంది, మంట ఒక పక్కకే వాలుతుంది. పచ్చిమాంసంతో దమ్ వేసే కచ్చీ పద్ధతిలో అప్పుడు ఒక వైపు ముక్క ఉడకదు. కనుక మాంసాన్ని ముందే పూర్తిగా ఉడికించుకునే పక్కీ పద్ధతి ఇక్కడ క్షేమం. రుచిలో కచ్చీదే పైచేయి అని బావర్చీ వాదిస్తాడు. వాదించనివ్వండి. చీకట్లో మాంసం ఎరుపు కనిపించదని మీరు చెప్పండి.

కబాబులలో కాలం లెక్క చూసుకోవాలి. మూడడుగుల అంగీఠీ మీద ఒకేసారి పదిహేను సీఖులు పడతాయి. ఒక వాయి కాలడానికి పది నిమిషాలు. వంద సీఖులంటే ఏడు వాయిలు, గంటా పది నిమిషాలు. సీఖుకు 70 గ్రాముల చొప్పున 7 కిలోల ఖీమా. ఈ లెక్క వేసుకోనివారి విందులలో ముందు కూర్చున్నవారు మూడేసి తింటారు, వెనుక ఉన్నవారు వాసన పీలుస్తారు. ఇక పత్థర్ కా గోష్త్ అందరి కళ్లూ ఆకర్షిస్తుంది. అయితే ఒక రాతి పలక మీద 120 మందికి కాల్చడం అయ్యే పని కాదు, పెద్దలకు రుచి చూపడానికి మాత్రమే పెట్టుకోవాలి. పలక ఎండిన గ్రానైటుదై ఉండాలి. వాగులోని రాయిని తెచ్చి మంట మీద పెట్టేవారిని మేము చూశాము. లోపల చేరిన నీరు ఆవిరై ఆ రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి.

మూడు మంటలు

చూడడానికి వేసే నెగడు మీద వంట చేయకూడదు. వంట పొయ్యి దగ్గర చలి కాచుకోకూడదు. నెగడు ఒక చోట, దేగ్‌ల పొయ్యి గాలివాలుకు దూరంగా మరో చోట, కబాబులకూ దుంపలకూ నిప్పుల గుంట వేరొక చోట. దుంపలు కాలేది మంటతో కాదు, నిప్పుతో. మంచి నిప్పు కావాలంటే కట్టె గంటకు పైగా కాలాలి. అస్ర్ తరువాత గుంట ముట్టిస్తే మగ్రిబ్ నాటికి సిద్ధమవుతుంది.

కట్టె ఎండినదై ఉండాలి. తుమ్మ, చింత మంచివి. గన్నేరు కొమ్మ మాత్రం మంటలోకీ రానివ్వకండి, కబాబుకు పుల్లగానూ వాడకండి. ఆ చెట్టు నిలువెల్లా విషం, పొగ కూడా. తోటల గట్ల మీద, రోడ్ల వెంట అది విరివిగా ఉంటుంది, తెలియని పిల్లలు తెంపి తెస్తారు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ పళ్లేలు కూడా వంట మంటలో పడకూడదు. మంట అందుకోలేదని పెట్రోలు పోయడం ఎంత ప్రమాదమో విడిగా చెప్పనక్కర లేదు. అయినా ప్రతి గుంపులోనూ ఆ ఆలోచన వచ్చే కుర్రవాడు ఒకడు ఉంటాడు, అతడిని ముందే గుర్తుపట్టి నీళ్ల బకెట్ల బాధ్యత అప్పగించండి. నాలుగు బకెట్ల నీళ్లు, రెండు తట్టల ఇసుక మంటల పక్కనే ఉండాలి.

జార్జెట్ దుపట్టాలు, పాలిస్టర్ బుర్ఖాలు నిప్పురవ్వకు అంటుకుని కరిగి ఒంటికి పట్టుకుంటాయి. నెగడు చుట్టూ ఐదారు అడుగుల దూరంలో సున్నంతో గీత గీసి, పిల్లలు దాటకుండా ఒక పెద్దమనిషిని వంతులవారీగా కూర్చోబెట్టాలి. ఆయాసం ఉన్న దాదీమాకు గాలి వచ్చే వైపున కుర్చీ వేయండి. పొగ ఆమె వైపు తిరిగితే కుర్చీని జరపడం ఆమె పని కాదు, మనవలది.

వేళలు

డిసెంబరు చివర హైదరాబాదులో సుమారు 5:45కు సూర్యాస్తమయం, ఏడు గంటల ప్రాంతంలో ఇషా. వంట వేళలను దీనికి అమర్చుకుంటే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. మగ్రిబ్ కాగానే మరగ్ పంచి, ఆరు గంటలకు కబాబులు మొదలుపెట్టాలి. అప్పుడే దేగ్‌లకు దమ్ వేయాలి. ఏడుంబావుకు ఇషా జమాత్, ఏడున్నరకు దస్తర్‌ఖాన్. వడ్డించిన భోజనం ఎదురుగా ఉండగా నమాజుకు ఇకామత్ అయితే ముందు భోజనం ముగించమని హదీసులలో ఉన్నది. మనసు అన్నం మీద ఉంచుకుని నిలబడే నమాజు కన్నా అది మేలు. అయితే ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని పథకమే అలా వేసుకోవడం వివేకం కాదు. ఇషా తరువాత వ్యర్థ ప్రసంగాలతో రాత్రి గడపడాన్ని ప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. ఇంటివారితో, అతిథులతో మాట్లాడుకోవడానికి పండితులు ఇచ్చిన సడలింపు ఉన్నది. తొమ్మిదిన్నరకు ముగిస్తే ఫజ్ర్‌కు లేవగలుగుతారు.

వుజూ నీటిని మరచిపోతుంటారు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు అటూ ఇటూగా ఉండే కొలతతో వుజూ చేసుకునేవారు. మనవారు కుళాయి తిప్పి ఎంత వదులుతారో మీకు తెలుసు. తోటలో కుళాయి ఉండదు కనుక మనిషికి మూడు లీటర్ల చొప్పున లెక్కించి, చెంబులు పెట్టండి. కొంత నీటిని పొయ్యి పక్కన గోరువెచ్చగా ఉంచితే పెద్దలు దుఆ చేస్తారు. తాగే నీరు, గిన్నెలు కడిగే నీరు దీనికి అదనం.

విషమయ్యే విందు

ఇక్కడ కాస్త ఆగవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక ఊరిలో జరిగిన వలీమాకు మేము నికాహ్ పెద్దగా వెళ్లాము. రాత్రి విందుకు అన్నం మధ్యాహ్నం పన్నెండింటికే వండించి, దేగ్‌లు మూసి ఉంచారు. రాత్రి తొమ్మిదికి మూత తీసినప్పుడు గోరువెచ్చగా ఉన్నది, వాసన బాగానే ఉన్నది. తెల్లవారేసరికి నలభై మందికి పైగా వాంతులతో ఆసుపత్రిలో చేరారు. పెళ్లికూతురి నానీమా రెండు రోజుల దాకా కోలుకోలేదు. దిష్టి తగిలిందని కొందరన్నారు, ఎవరో ఏదో కలిపారని కొందరన్నారు. వారాల తరబడి రెండు కుటుంబాల మధ్య అనుమానాలు నడిచాయి.

అన్నం దానికదే అలా చేయగలదు. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని వదులుతాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. వాసన తెలియదు, రుచి మారదు. కనుక అన్నం పొగలు కక్కుతూ 60 డిగ్రీలకు పైన ఉండాలి, లేదా చల్లని పెట్టెలో ఉండాలి. మధ్యస్థితిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. చలికాలం కదా ఏమీ కాదన్నది భ్రమ. బయట చలి ఉన్నా మూసిన దేగ్ కడుపు గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, అది ఆ జీవికి ఊయల వంటిది.

మాంసం ఉదయం కొని, మంచు పెట్టెలో తోటకు చేర్చాలి. పెరుగు, పచ్చి బొప్పాయి పట్టించి ఎండలో పెట్టే అలవాటు మానాలి. మసాలా పట్టేది కాలంతోనే, వేడితో కాదు. కోడిమాంసం సీఖు మీద పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండడం నెగడు విందులలో సర్వసాధారణం. మొదటి వాయిలో ఒక ముక్కను విరిచి, దీపం కింద చూసి గానీ పంచకండి. పచ్చిమాంసం కోసిన పీట మీద ఉల్లిపాయలు, కీరా కోయకూడదు. పాత ఇళ్లలోని రాగి దేగ్ తెస్తే లోపలి కళాయి చూడండి. కళాయి పోయిన రాగిలో పెరుగు, చింతపండు, నిమ్మరసం వేస్తే అది కూడా విషమే. వండిన ప్రతి పాత్ర మీదా మూత ఉండాలి. రాత్రివేళ పాత్రలను కప్పి ఉంచమన్నది ప్రవక్త (స) ఉపదేశమే. విద్యుద్దీపాల కింద పురుగులు రాలే తోటలో దాని అవసరం కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

తోటనూ భోజనాన్నీ కలిపి అద్దెకిచ్చేవారు ఉన్నారు. వారి వద్ద మాంసం ఎక్కడిదో, వండే నూనె, పాత్రలు దేనికి వాడినవో మొహమాటం లేకుండా అడగండి. సమాధానం సూటిగా రాకపోతే స్థలం మాత్రమే తీసుకుని వంట మీరే చేసుకోండి.

ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు

అతిథులలో శాకాహారులైన ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు ఉంటారు. వారిని పిలిచి సలాడ్ పళ్లెం ముందు కూర్చోబెట్టడం ఆతిథ్యం కాదు. 15 మంది ఉంటే, ఆ 12 కిలోల బియ్యంలోనే 2 కిలోలు బగారా అన్నానికి మళ్లించండి. మాంసమూ అంతమేరకు తగ్గుతుంది. బగారా బైంగన్, మాంసం వేయని పప్పుచారు చాలు. వేరే పాత్రలు, వేరే గరిటెలు, వేరే పొయ్యి, వీలైతే మాంసం పొయ్యి వెలిగించకముందే వంట. వడ్డించే మనిషి కూడా వేరే. ఇంత చేశాక "మీ భోజనం విడిగా వండించాము, నిశ్చింతగా తినండి" అని వారితో స్పష్టంగా చెప్పండి. మనం హలాల్ విషయంలో ఇతరుల ఇళ్లలో ఆశించే జాగ్రత్త ఇదే కదా.

జాబితాలో పేరు ఉండాలని మొదట్లో అన్నవారి సంగతి ఇప్పుడు. సేవకుడు వంట చేసి తెచ్చినప్పుడు అతడిని మీతోపాటు కూర్చోబెట్టుకోండి, కాకుంటే ఆ వంటలోనుండి ఒకటి రెండు ముద్దలైనా అతని చేతికివ్వండి, దాని వేడినీ పొగనూ భరించినది అతడే అని దైవప్రవక్త (స) చెప్పారు. వేడి, పొగ అన్న ఆ మాటలు ఏసీ హాలులో కూర్చుని చదివినప్పుడు ఒక రకంగా వినిపిస్తాయి. తోటలో కళ్లు ఎర్రబడిన బావర్చీ పక్కన నిలబడి తలచుకుంటే మరో రకంగా వినిపిస్తాయి. మన విందులలో డ్రైవర్లు కార్లలో ముడుచుకుని ఉంటారు. కాపలాదారు పిల్లలు కంచె దగ్గర నిలబడి చూస్తుంటారు. చివర్లో మిగిలితే వారికి పొట్లం కట్టి ఇస్తారు. మొదటి దేగ్ మూత తీసినప్పుడే వారికి పంక్తి వేయండి, వేడిగా, అదే దస్తర్‌ఖాన్ మీద. ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా భోజనం అతి చెడ్డ భోజనమని హదీసు హెచ్చరిస్తున్నది. కంచె అవతల నిలబడిన పిల్లవాడికి మన విందు పేరు వలీమా అయినా బాన్‌ఫైర్ అయినా ఒకటే.

స్త్రీల విషయం కూడా రాయకుండా ఉండలేము. ఇంటి ఆడవారికి విశ్రాంతి అని చెప్పి తోటకు తీసుకుపోతారు. అక్కడ మగవారు నెగడు దగ్గర, ఆడవారు పొయ్యి దగ్గర. ఉల్లిపాయల బస్తా ఇంట్లో కోసినా తోటలో కోసినా ఒకటే కన్నీరు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కనీసం ఆ ఒక్క రాత్రి కోయడం, వడ్డించడం, కడగడం మగవారు పంచుకోవాలి. స్త్రీల పంక్తికి వేడి తగ్గని రెండవ దేగ్ మొత్తంగా వెళ్లాలి, మగవారి పంక్తిలో మిగిలినది కాదు. నీళ్లు పోసేవాడు అందరి తరువాత తాగుతాడన్న సున్నత్‌ను విందు చేసే ఇంటి కుర్రవాళ్లు పాటిస్తే అతిథులకు వేరే మర్యాద అక్కరలేదు.

వడ్డన నలుగురికి ఒక తబక్ చొప్పున ఉంటే అన్నం వేడిగా ఉంటుంది, పారేసేదీ తగ్గుతుంది. అంచు నుండి తినమని, శుభం మధ్యలో దిగుతుందని ఉపదేశం ఉన్నది. అంచు నుండి తిన్న తబక్‌లో మిగిలినది శుభ్రంగానే ఉంటుంది. మొదట కొద్దిగా వేసి, అడిగితే మళ్లీ వేయండి. నిండుగా పోసిన పళ్లెంలో మిగిలేది ఎంగిలి, దేగ్‌లో మిగిలేది ఆహారం.

ఆ దేగ్‌లో మిగిలినదాని గమ్యం ముందురోజే నిర్ణయం కావాలి. దగ్గరలోని వసతిగృహం వార్డెన్‌తోనో, ఆసుపత్రి బయట పడుకునే రోగుల బంధువులకు పంచే యువకులతోనో మాట్లాడి, తొమ్మిదిన్నరకు వాహనం సిద్ధంగా ఉంచుకోండి. వేడిగా ఉండగానే అది వారికి చేరాలి. మరునాడు మధ్యాహ్నం దాకా ఉంచి, ఇంట్లో ఎవరూ ముట్టని అన్నాన్ని పేదలకు పంపడం దానం కాదు. మీరు కళ్లు మూసుకుని గానీ స్వీకరించని వస్తువును దైవమార్గంలో ఇవ్వవద్దని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో వారించింది.

చివరి నిప్పు

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న ప్రవక్త (స), ఈ నిప్పు మీకు శత్రువని, పడుకునే ముందు ఆర్పివేయాలని ఆదేశించారు. తోటలో రాత్రి బస చేసేవారికి ఈ ఆదేశం ప్రాణరక్ష. నెగడులో మిగిలిన ఎర్రని నిప్పులను కుంపటిలో ఎత్తుకుని గదిలో పెట్టుకుని, తలుపులు మూసి పడుకునేవారు ఉన్నారు. మంట లేదు, పొగ లేదు, ప్రమాదమేమిటని అనుకుంటారు. మసిబొగ్గు నిప్పు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్న మనిషి దగ్గకుండానే, లేవకుండానే మరణిస్తాడు. మన దేశంలో ప్రతి చలికాలమూ కుటుంబాలకు కుటుంబాలు ఇలా తెల్లవారేసరికి విగతజీవులవుతున్న వార్తలు వస్తూనే ఉన్నాయి. గదిలోకి గానీ, గుడారంలోకి గానీ, కారులోకి గానీ నిప్పును తీసుకుపోకండి. దుప్పట్లు ఎక్కువ తెచ్చుకోండి.

మూడు మంటల మీదా నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. చెయ్యి దగ్గర పెడితే వేడి తగలని స్థితి వచ్చేదాకా ఒకరు అక్కడ ఉండాలి. పైకి బూడిదగా కనిపించే గుంట లోపల ఉదయం దాకా నిప్పు దాచుకుంటుంది, చెప్పులు లేకుండా పరుగెత్తే పిల్లవాడి పాదానికే అది దొరుకుతుంది. కనుక గుంట మీద మట్టి కప్పి నాలుగు రాళ్లు గుర్తుగా పెట్టండి. దేగ్‌లలో రాత్రే నీళ్లు పోసి నానబెడితే ఉదయం సులువుగా కడగవచ్చు. అద్దెకు తెచ్చిన దేగ్‌లను, కఫ్గీర్‌లను, సీఖులను లెక్కపెట్టి, కళాయి గీసుకుపోలేదని చూపించి యజమానికి అప్పగించి, బావర్చీ కూలీ అక్కడికక్కడే చెల్లించండి.